హల్లుకి తోడు

చూపు లేనివాళ్ళ కోసం గ్రంథాలయంవాళ్ళు ఇంగ్లీషు పుస్తకాలు చదివించి రికార్డు చేసే గది. అద్దానికి అవతల మైకు ముందు పెద్దాయన, ఇవతల మీటల దగ్గర రికార్డింగు చేసే ఆవిడ. గురువారం మధ్యాహ్నం మూడున్నర.

"ఆగండి కామాగారూ. మళ్ళీ అచ్చు తగిలించారు."

"ఎక్కడ?"

"చివర. ఫాక్ట్సు అన్నారు. ఆ సు వద్దు. స్. పొల్లు."

"పొల్లే అన్నానమ్మా."

"అనలేదు. వినిపించనా?"

"వద్దు. నా గొంతు నేను వినలేను. సరే, వినిపించు."

"ఇదిగో."

"ఊఁ. సు అనే అన్నాడు. ఎవడో ముసలాడు."

"ఆ ముసలాయన ఈ పది వాక్యాలూ సరిగ్గా చదివితే ఐదింటికి కమిటీకి పంపుతాను. చదవకపోతే వచ్చే మంగళవారం నుంచి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మెత్తగా చెప్పడానికి నా దగ్గర టైము లేదు."

"మెత్తగా ఎవరు చెప్పమన్నారు? ఇంకొకరంటే ఎవరు?"

"కంప్యూటర్."

"అదా ఇంకొకరు."

"అదే. దానికి అచ్చులు తగిలించే అలవాటు లేదు."

"ఇంటికెళ్ళి గోడలు చూస్తూ కూర్చునే పనీ లేదు దానికి. సరే, కానియ్. ఉన్నారా? మొదలుపెడుతున్నా. ద ఫాక్ట్..."

"ఇవాళ ఆ 'ఉన్నారా' వద్దు. ఇది పుస్తకం కాదు, ఆ ఉత్తరం వచ్చాక కమిటీ పెట్టిన పరీక్ష."

"నోరు ఊరుకోదమ్మా. ఏ అధ్యాయమైనా అదే నాకు శ్రీకారం. ఎలాగూ నువ్వు కత్తిరించేస్తావుగా."

"ఆఁ."

"కత్తిరిస్తావు కదా?"

"ముందు ఫాక్ట్స్ సంగతి చూడండి. గొంతు మీద చెయ్యి పెట్టుకోండి. సు అనండి. వణికిందా?"

"వణికింది."

"ఇప్పుడు గొంతు ఆపేసి గాలి ఒక్కటే వదలండి. స్. వణకకూడదు."

"స్... స్... వణకలేదు."

"అదీ. మీరు చదువుతుంటే మాట అయిపోయినా గొంతు ఆగట్లేదు. దాంతో ఉ వచ్చి కూర్చుంటోంది."

"మాట అయిపోయాక గొంతు ఆపడమెందుకు? మళ్ళీ మంగళవారం దాకా దానికి పనేముంది?"

"కామాగారూ."

"చదువుతున్నా. ద ఫాక్ట్స్ ఆఫ్ ద కేస్."

"బాగుంది. వదిలేయకండి, అదే ఊపులో రెండోది."

"ఊపంటే నాకు భయం. ఊపులో చదివితే తప్పులు కనపడవని మా ఫోర్‌మన్ తిట్టేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రెస్సులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ప్రూఫులు దిద్దినవాణ్ణి. కామా జారిపోతే ఊరుకోనని కామా అని పేరు పెట్టారు."

"ఆ కామాలే ఇప్పుడు హల్లుకీ హల్లుకీ మధ్య పెడుతున్నారు. మీకు తెలీని ఇంగ్లీషు మాట లేదు. ఒక్కటీ బయటికి సరిగ్గా రాదు."

"బయటికి ఎప్పుడనాల్సొచ్చింది? కాగితం మీద చూడ్డమే. ఇంట్లో పిల్లలుంటే వెక్కిరించేవాళ్ళు, దిద్దుకునేవాణ్ణి. నన్ను వెక్కిరించడానికి మా ఇంట్లో ఎవరున్నారు?"

"నేనున్నానుగా. రెండోది చదవండి."

"నువ్వు వారానికి రెండు రోజులు. ఉన్నంతలో బానే వెక్కిరిస్తావులే. నీకెవరు నేర్పారు ఇదంతా?"

"కాల్‌సెంటర్లో చేశాను మూడేళ్ళు. నోట్లో పెన్సిల్ పెట్టి మరీ నేర్పారు."

"నేర్చుకుని?"

"శుభ్రమైన ఉచ్చారణతో రోజంతా సారీలు చెప్పాను. రెండోది."

"ద జడ్జి ఆస్కెడ్ అస్..."

"ఆగండి. ఆస్కెడ్ ఏంటి? ఆ 'కె' ఎక్కడ్నుంచి వచ్చింది?"

"కాగితం మీదుంది. చూడు, కె, ఇ, డి. ఉన్న అక్షరాన్ని మింగేస్తే ఎలా?"

"అక్కడ రాయడానికే ఉంది, పలకడానికి కాదు. ఆస్క్ట్. స్, క్, ట్. మూడూ వరసగా."

"మూడు హల్లులు వరసగా, మధ్యలో ఒక్క అచ్చు లేకుండా."

"శాస్త్రం అనట్లేదా మీరు? స్త్రీ అనట్లేదా? అందులో మాత్రం ఎన్నున్నాయి?"

"వాటి వెనకాల అచ్చుందమ్మా. స్త్రీకి ఈ ఉంది. శాస్త్రానికి అం ఉంది. ఎంతమంది ఎక్కినా చివర్న పట్టుకోడానికి ఒకటి ఉంది. దీనికేముంది? క్, ట్ అని గాల్లో వదిలేయడమే. హల్లుని అలా ఒంటరిగా వదిలేయడానికి నాకు నోరు రాదు."

"అందుకే ఒక కిటుకు చెప్తాను. చివరి హల్లుని తర్వాతి మాటకి అప్పజెప్పేయండి. ఆస్క్ట్ అస్ అని విడదీయొద్దు. ఆస్క్. టస్. ఆస్క్ టస్."

"ఆస్క్ టస్."

"ఇంకోసారి."

"ఆస్క్ టస్. ఆస్క్ టస్. అరె, వచ్చిందే."

"వచ్చింది. పక్కవాళ్ళకి ఇచ్చేస్తే మీ మీద బరువుండదు."

"పక్కవాళ్ళుంటే ఇవ్వచ్చు. చివరి మాటైతే? ఇదిగో ఇక్కడ, ద జడ్జ్ ఆస్క్ట్ అస్ ఫర్ ద టెక్స్ట్స్. టెక్స్ట్స్ తర్వాత ఎవరూ లేరు. ఫుల్‌స్టాపే."

"అప్పుడు ఒంటరిగానే నిలబెట్టాలి. గొంతు ఆపి, గాలితో."

"నాలుగున్నాయి. క్, స్, ట్, స్. నాలుగూ ఒంటరివే."

"ఒక్కటే ఊపిరి. అనండి."

"టెక్స్‌టుసు."

"ఇంకోసారి."

"టెక్సుట్స్."

"దగ్గరికొచ్చారు. చెయ్యి గొంతు మీద."

"టెక్స్ట్స్."

"మళ్ళీ అనండి. ఎలా అన్నారో అలాగే."

"టెక్స్ట్స్. టెక్స్ట్స్. నేను అన్నానా ఇది?"

"మీరే అన్నారు. రికార్డయింది కూడా."

"ఆవిడుంటే నమ్మేది కాదు."

"పిన్నిగారా?"

"ఊఁ. ఆవిడ వంటగదిలో, నేను ముందు గదిలో. పొద్దున్నే పేపరు పైకి చదవడం అలవాటు. ఆవిడ ఆ పక్క ఏదో కడుగుతూనో తరుగుతూనో ఉంటుంది కదా, వింటోందో లేదో తెలీదు. అందుకని 'ఉన్నావా? మొదలుపెడుతున్నా' అనేవాణ్ణి. 'ఉన్నాను' అనేది. అప్పుడు చదివేవాణ్ణి."

"అందుకా ఆ 'ఉన్నారా'."

"నాలుగేళ్ళయింది. పేపరు వస్తూనే ఉంది. పైకి చదవబోతే నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఆపేశాను. ఇక్కడికి రావడం మొదలెట్టాక మళ్ళీ నోరు తెరిచాను. ఈ కుర్చీ పోతే, అబద్ధమెందుకు, నాకు మాట్లాడే పనుండదు. మా ఎదురింటాయన నేను కనపడితే 'వాన వస్తుందేమో' అంటాడు. నేను ఆఁ అంటాను. అయిపోయింది, ఆ రోజుకి అంతే."

"అందుకే చెప్తున్నా, ఈ కుర్చీ పోనివ్వకండి. మూడోది."

"చదువుతాను. ఒక్కటి చెప్పు ముందు. ఆ కంప్లైంట్ రాసిందెవరు?"

"కంప్లైంటని నేననలేదు. ఉత్తరం వచ్చిందన్నాను."

"ఎవరు రాశారు?"

"మూడో వాక్యం."

"మూడేళ్ళలో తొమ్మిది పుస్తకాలు. ఒక్కరూ ఏమీ అనలేదు. ఇప్పుడెవరికి కడుపునొప్పి వచ్చింది?"

"కడుపునొప్పి కాదు కామాగారూ. పదీ అయ్యాక చెప్తాను."

"మాటేనా?"

"మాటే."

"సరే. మంత్స్. మూడోది మంత్స్. సిక్స్ మంత్స్. చూడు, దీనికి గొంతు కూడా వణకలేదు."

"చూశాను. కానివ్వండి."

"నాలుగోది. షి హెల్పెడ్... కాదు కాదు, ఉండు. షి హెల్ప్ టస్."

"భేష్. ఐదు."

"ఐదోది తేలిక, చదివేశాను. ఆరోది చూస్తేనే భయంగా ఉంది. స్ట్రెంగ్త్స్. దీన్ని పుట్టించినవాడికి దయ లేదు."

"మెల్లగా."

"స్ట్రెంగ్‌తుసు. స్ట్రెంగ్తు. స్ట్రెంగ్త్... స్. ఛ."

"మధ్యలో ఊపిరి తీయకండి."

"స్ట్రెంగ్త్స్."

"అయిపోయింది. నీళ్ళు తాగి ఏడోదానికి రండి."

"తాగితే ఊపు పోతుందిగా."

"ఊపంటే భయమన్నారు ఇందాక."

"అది ఇందాక."

"ఇంకెంత, నాలుగే."

"తొమ్మిదోదాకా చదివేస్తాను, నువ్వు మధ్యలో మాట్లాడకు."

"మాట్లాడను."

"అయ్యాయి. ఏమైనా దొర్లాయా?"

"ఎనిమిదోదాన్లో ఒక్క ఉ. వినీవినపడకుండా ఉంది. అతుకు వేసేస్తాను."

"వద్దు. అతుకులొద్దు. మళ్ళీ చదువుతాను."

"సరే, చదవండి... ఊఁ. శుభ్రంగా ఉంది. పది."

"ద కాంట్రాక్ట్ లాప్స్ టిన్ ద ట్వెల్ఫ్త్ మంత్."

"కామాగారూ."

"ఏం? తప్పా?"

"కాదు. ఇంకోసారి చదవక్కర్లేదు. ఒక్కచోటా అచ్చు లేదు. నాలుగూ నలభై అయింది, పంపేస్తున్నా."

"ముందు ఉత్తరం."

"పంపాక చెప్తాను."

"మాటిచ్చావు. పదీ అయ్యాక అన్నావు. అయ్యాయి. చదువు."

"బాధపడతారు."

"చదువమ్మా."

"'గ్రంథాలయం కార్యదర్శిగారికి. మా హాస్టల్లో లా పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉంది. పుట్టుకతో చూపు లేదు. ఆరేళ్ళప్పటి నుంచీ ఇక్కడే పెరిగింది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు. మీరు పంపే పుస్తకాలు విని విని, తనంతట తనే నేర్చుకుంది.'"

"ఆపావేం?"

"'పోయిన నెల ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళింది. జవాబులన్నీ సరిగ్గానే చెప్పిందట. కానీ నోరు విప్పగానే వాళ్ళు నవ్వారట. నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగి మళ్ళీ నవ్వారట. ఉద్యోగం రాలేదు. ఆమె ఎవరి మీదా ఏమీ చెప్పలేదు. రోజూ ఆమె గది ముందు నుంచి వెళ్తూ ఆ పుస్తకాలు నేనూ వింటుంటాను కాబట్టి నాకు తెలుసు. మీ పుస్తకాలు చదివే ఆయన ఎలా పలుకుతారో ఆ పిల్ల అలాగే పలుకుతుంది, అక్షరం పొల్లుపోకుండా.' కింద వార్డెన్ సంతకం."

"ఆస్కెడ్ అనేదా?"

"ఏమో."

"అనే ఉంటుంది. ఆస్కెడ్ అని, హెల్పెడ్ అని. వాళ్ళ ముందు. నేను అన్నట్టే."

"మీరు కావాలని చేసింది కాదు."

"ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క తప్పుని పుస్తకంలోకి పోనివ్వలేదమ్మా నేను. ఇప్పుడు మనిషిలోకి పోనిచ్చాను."

"అందుకేగా ఇంతసేపూ..."

"పంపకు."

"ఏంటి?"

"ఆ పది వాక్యాలు. పంపకు. కంప్యూటర్నే కూర్చోబెట్టండి. దానికి నాలాంటి తప్పులుండవు."

"ఇంతసేపు కష్టపడి ఇప్పుడా మాట?"

"ఇవాళ నాకొచ్చింది. ఆ పిల్లకి ఎవరు తీసుకొచ్చిస్తారు పోయిన ఉద్యోగాన్ని? నేను మాట్లాడకపోతే ఎవరికీ నష్టం లేదు. మాట్లాడితేనే వచ్చింది ఇదంతా."

"కూర్చోండి. సంచి కింద పెట్టండి."

"ఫోన్ మోగుతోంది, చూసుకో. నేను వెళ్తాను."

"అది తనే."

"ఎవరు?"

"ఆ అమ్మాయే. పుస్తకం అయిపోతే తర్వాతిది అడగడానికి ఇలాగే గురువారం చేస్తుంది. స్పీకర్లో పెట్టాను, మీరే మాట్లాడండి."

"నేనా? వద్దు. ఏయ్, వద్దంటే..."

"హలో. అక్కా? అక్కా, వినపడుతోందా?"

"అక్క... అక్క ఇక్కడే ఉందమ్మా."

"అయ్యో. సార్, మీరు. మీరేనా?"

"ఎవరనుకుంటున్నావు?"

"ఉన్నారా సార్."

"ఉన్నానమ్మా, చెప్పు."

"కాదు సార్, అది మీ పేరు. మేమందరం మిమ్మల్ని ఉన్నారా సార్ అంటాం. 'ఉన్నారా? మొదలుపెడుతున్నా' అంటారుగా ప్రతి అధ్యాయానికీ."

"అది... అది కత్తిరించలేదా నువ్వు?"

"నా వైపు చూడకండి కామాగారూ. కమిటీవాళ్ళు కత్తిరించమనే అన్నారు. చేతులు రాలేదు."

"కత్తిరించారనుకున్నాను. మూడేళ్ళూ వినపడిందా అది నీకు?"

"ప్రతిసారీ. ఉన్నాను అని చెప్పేదాన్ని. మా రూమ్‌లో వాళ్ళు నవ్వేవాళ్ళు, టేపుకి సమాధానం చెప్తున్నానని. అయినా చెప్పకపోతే మీరు మొదలుపెట్టరేమో అనిపించేది. సార్? ఉన్నారా?"

"ఉన్నాను. ఉన్నాను తల్లీ. ఉత్తరం సంగతి ఇప్పుడే తెలిసింది. నీ ఉద్యోగం నావల్ల పోయింది."

"వార్డెన్ మేడమ్ రాశారా? రాయొద్దని బతిమాలాను. నవ్వింది వాళ్ళు సార్. మీరేం చేశారు?"

"తప్పు నేర్పాను."

"మొత్తం నేర్పారు. అందులో కొంచెం తప్పుంది. అది దిద్దుకుంటాను. ఇంకో ఇంటర్వ్యూ ఉంది, రెండు నెలల్లో. అందుకే పదో పుస్తకం కావాలి, తొందరగా."

"అది ఇంకొకరు చదువుతారు."

"ఎవరు?"

"కంప్యూటర్. తప్పుల్లేకుండా చదువుతుంది."

"విన్నాను సార్ దాన్ని. ఉన్నానో లేదో అది అడగదు. మీరే చదవండి."

"నీకర్థం కావట్లేదమ్మా. నా నోటికి..."

"కామాగారికి ఇవాళ మూడున్నర నుంచి నేర్పిస్తున్నాను. పదికి పది వచ్చాయి. పంపొద్దని ఇప్పుడు మొండికేశారు."

"నిజమా అక్కా? అయితే నాకు నేర్పండి సార్. ఇప్పుడే. ఒక్కటి."

"నాకే గంట క్రితం వచ్చింది. నేను నేర్పడమేంటి?"

"మీ దగ్గరే నేర్చుకున్నాను. దిద్దుకోవడం కూడా మీ దగ్గరే వస్తుంది నాకు."

"... ఆస్క్ట్ అస్. ఎలా అంటావు?"

"ఆస్కెడ్ అస్."

"అబ్బా. నా గొంతే. అచ్చం నా గొంతే. చూడమ్మా, చివరున్న హల్లుని ఒంటరిగా ఉంచకు, పక్క మాటకి అప్పజెప్పేయ్. ఆస్క్. టస్."

"ఆస్క్. టస్. ఆస్క్ టస్."

"మళ్ళీ."

"ఆస్క్ టస్. సార్, ఇంత తేలికా?"

"తేలికే. ఇన్నాళ్ళూ పక్కన ఎవరో ఉన్నారని తెలీక కష్టపడ్డాం. రోజుకి ఒకటి ఫోన్లో చెప్తాను. రెండు నెలలకి అరవై అవుతాయి. చాలవా?"

"కామాగారూ, ఐదుకి మూడు నిమిషాలుంది. పంపనా, వద్దా?"

"పంపు. పదో పుస్తకం మంగళవారం మొదలుపెడతాం. 'ఉన్నారా' కత్తిరించకు."

"ఎప్పుడు కత్తిరించాను కనక. పంపేశాను."

"థాంక్యూ సార్. ఉంటాను మరి."

"ఉండుండు. ఒక్కటి అడుగుతాను. ఇంటర్వ్యూలో నీకు ఇంగ్లీషు ఎవరు నేర్పారని అడిగారటగా."

"అది వదిలేయండి సార్."

"ఏం చెప్పావు? లైబ్రరీ పేరు చెప్పావా?"

"లేదు. చెప్తే మిమ్మల్ని మాన్పించేస్తారు."

"పోనీ, నా పేరు చెప్పావా?"

"మీ పేరు నాకు తెలీదు కదా. పుస్తకం మొదట్లో మీరు ఎప్పుడూ చెప్పరు."

"మరేం చెప్పావు?"

"కోప్పడరు కదా?"

"కోప్పడనమ్మా. చెప్పు."

"మా నాన్న నేర్పారని చెప్పాను."